మార్కులు అడగని మనిషి ఒకరు కావాలి

ఆదివారం మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల కింద ఒకసారి నడిచి చూడండి. చైతన్యపురి, కొత్తపేట సందుల్లో హాస్టళ్ల గేట్ల ముందు క్యారియర్లు పట్టుకున్న తల్లులు, సంచులు మోస్తున్న తండ్రులు నిలబడి ఉంటారు. నల్గొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండ వైపు నుంచి తెల్లవారుజామునే బయల్దేరి ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు దిగినవాళ్లే ఎక్కువ. గేటు తీస్తారు. పిల్ల బయటికి వస్తుంది. తల్లి "చిక్కిపోయావేంటమ్మా" అంటుంది. తండ్రి "వీక్లీ టెస్టులో ఎన్నొచ్చాయి?" అంటాడు. రెండూ ప్రేమతో అడిగినవే. కాని మొదటి మాటకు పిల్ల నవ్వుతుంది, రెండో మాటకు తన చెప్పుల వైపు చూస్తుంది.

మా సంఘం ఈ దారిలోనే ఉంది. ఆదివారం ఔటింగ్ ఇచ్చినప్పుడు హాస్టల్ పిల్లలు కొందరు మా మధ్యాహ్న ఆరాధనకు వస్తారు. భక్తితో వచ్చేవాళ్లు ఉన్నారు, రెండు గంటలు గేటు బయట ఉండొచ్చని వచ్చేవాళ్లూ ఉన్నారు. రెండో రకం వాళ్లను నేను తప్పుపట్టను. వెనక బెంచీలో తల వాల్చి నిద్రపోయే పిల్లవాణ్ణి లేపవద్దని మా వాలంటీర్లకు చెప్పి ఉంచాను. వారంలో వాడికి దొరికిన మంచి నిద్ర అదే కావచ్చు.

ఈ వారం ఈ పేజీలో పిల్లల మనసు గురించి రాయడానికి కారణం ఉంది. ఇంటర్ పరీక్షలు ముందున్నాయి. దేశంలోనే పెద్ద కోర్టు మన తెలుగు నేల మీద జరిగిన ఒక మరణాన్ని ఆధారం చేసుకుని ఈ విషయంలో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును మన సంఘాల్లో ఎంతమంది తల్లిదండ్రులు చదివారో అడిగి చూశాను. ఒక యూత్ మీటింగులో, రెండు కుటుంబ కూడికల్లో అడిగితే చేయెత్తినవాళ్లు ముగ్గురు.

సంగతి ఇది. 2023 జులైలో విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ హాస్టల్‌లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆమె తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అక్కడితో ఆగకుండా విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం 15 మార్గదర్శకాలు జారీ చేసింది. స్కూళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, అన్నిటికీ ఇవి వర్తిస్తాయి. ప్రభుత్వం చట్టం చేసేదాకా వీటినే చట్టంగా పాటించాలని చెప్పింది.

వాటిలో మన వీధులకు సూటిగా తగిలేవి కొన్ని. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత గల ఒక కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కుల ప్రకారం పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు, అందరిముందు అవమానించకూడదు. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సహాయ ఫోన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనబడాలి. కలెక్టరు అధ్యక్షతన జిల్లాస్థాయి పర్యవేక్షక కమిటీ ఉండాలి.

మంచి తీర్పు. అయితే దాన్ని చదివి ఊపిరి పీల్చుకునే ముందు మనం ఒక వేసవిని గుర్తు చేసుకోవాలి.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. 9 లక్షల 70 వేలకు పైగా పిల్లలు రాస్తే 3 లక్షలకు పైగా ఫెయిల్ అని వచ్చింది. మెమోలు చూస్తే తప్పులు. పరీక్ష రాసినవాళ్లకు ఆబ్సెంట్ అని పడింది. మంచిర్యాల జిల్లాలో బాగా చదివే ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. మళ్లీ చూస్తే 99. ఫలితాలు వచ్చిన వారం పది రోజుల్లో రాష్ట్రమంతటా ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తల్లిదండ్రులు నాంపల్లిలో ఇంటర్ బోర్డు ముందు కూర్చున్నారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది, ఫెయిలైన వారందరి పేపర్లు ఉచితంగా మళ్లీ పరిశీలించింది. వెయ్యి మందికి పైగా పాసయ్యారు.

ఆ తర్వాత చర్చంతా సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద, టెండరు మీద, బోర్డు అధికారుల మీద సాగింది. సాగవలసిందే, అది నేరమంత నిర్లక్ష్యం. కాని ఆ రోజుల్లో నాకు నిద్రపట్టనివ్వని ప్రశ్న వేరు. మెమోలో తప్పు పడిందనే అనుకుందాం. ఆ కాగితం చూసిన గంటలో "నేను ఫెయిలయ్యాను, భయంగా ఉంది" అని చెప్పుకోవడానికి ఆ పిల్లలకు ఒక్క మనిషి ఎందుకు కనబడలేదు? ఇంట్లో నాన్న ఉన్నాడు, కాలేజీలో లెక్చరర్ ఉన్నాడు, కొందరికి సంఘంలో పాస్టర్ కూడా ఉండి ఉంటాడు. వీళ్లందరికీ ఆ మార్కులతో ఏదో ఒక సంబంధం ఉంది. నాన్న అప్పు చేశాడు. లెక్చరర్‌కు రిజల్ట్ శాతం కావాలి. పాస్టర్ పరీక్షలకు ముందు తల మీద చేయి పెట్టి ప్రార్థించి "తప్పక పాసవుతావు" అన్నాడు. ఫెయిలైన పిల్ల ఎవరి ముఖం చూడగలదు?

పరీక్షలొక్కటే కారణమని కూడా నేను అనను. అక్కడ మనం పొరబడుతున్నాం. 2025 తీర్పులోనే ధర్మాసనం జాతీయ నేర నమోదు సంస్థ లెక్కను పేర్కొంది. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. అందులో నేరుగా పరీక్షలో తప్పడమే కారణంగా రాసినవి 2,248. అంటే ఇంచుమించు ఆరింట ఒకటి. పోలీసు రికార్డులో ఒక్క గడిలో రాసే కారణం మొత్తం నిజం కాదు, అది ఒప్పుకుందాం. అయినా మిగిలిన ఐదు వంతుల వెనక ఏమున్నట్టు? ఇంట్లో గొడవలు, ప్రేమ విషయాలు, జబ్బులు, వేధింపులు, అవమానం, ఎవరూ గుర్తించని డిప్రెషన్. కార్పొరేట్ కాలేజీ గేటు ముందు ధర్నా చేసి ఇంటికొచ్చాక, మన ఇంటి గడప లోపల ఏం జరుగుతున్నదో చూడకుండా ఉండటానికి ఆ ధర్నాయే సాకు కాకూడదు. బెంగళూరులోని నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక సమస్య కనబడింది. అరవై మంది కూర్చునే సండే స్కూల్ సీనియర్ క్లాసుకు ఆ లెక్క వేస్తే నలుగురు. మన దగ్గర ఆ నలుగురు ఎవరో ఏ టీచరుకైనా తెలుసా?

గుర్తుపట్టడం కష్టం కావడానికి ఒక కారణం ఉంది. పెద్దవాళ్లలో దిగులు దిగులుగానే కనబడుతుంది. ఎదిగే పిల్లల్లో అది చాలాసార్లు కోపంగా, చిరాకుగా వస్తుంది. తలుపు ధడాలున వేయడం, తమ్ముడి మీద అరవడం, ఎప్పుడూ ఆడే క్రికెట్ మానేయడం, రాత్రంతా మేలుకుని పగలు పడుకోవడం. చిన్నపిల్లల్లో కడుపునొప్పిగా వస్తుంది, అదీ సోమవారం పొద్దున. స్కానింగులన్నీ నార్మల్. మనం "పొగరు", "బద్ధకం", "నాటకం" అంటాం. సంఘంలోనైతే "ఆత్మీయంగా చల్లారిపోయింది" అంటాం. రెండు వారాలకు మించి ఈ మార్పు ఉంటే, తిండి, నిద్ర, చదువు, స్నేహాలు దెబ్బతింటుంటే, దాన్ని జబ్బుగా చూసి చూపించుకోవాలి. పిల్ల నోటినుంచి "నేను లేకపోతే మీకు బాగుంటుంది" లాంటి మాట ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగనక్కరలేదు, ఆ రోజే కదలాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది తల్లులు భయపడతారు. పుట్టించరు. "చనిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని మెల్లగా, సూటిగా అడిగితే ఆ పిల్లకు మొదటిసారి బరువు దిగుతుంది.

చూపించుకోవడమంటే ఎవరికి? ఇక్కడ మనవాళ్లలో గందరగోళం చాలా ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి ఆ తర్వాత మానసిక వైద్యంలో పై చదువు చదివిన డాక్టరు. మందులు రాసేది వీరే. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయరు. మాటల ద్వారా, చిన్నపిల్లలైతే బొమ్మలు, ఆటల ద్వారా చికిత్స చేస్తారు. వీరికి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడకండి, మంచివాళ్లు నొచ్చుకోరు. ఇక కౌన్సెలర్ అనే బోర్డు మన ప్రాంతంలో ఎవరు పడితే వారు పెట్టుకుంటున్నారు. సోషల్ వర్క్, సైకాలజీ చదివి శిక్షణ పొందిన మంచి కౌన్సెలర్లు ఉన్నారు, మూడు రోజుల సర్టిఫికెట్ కోర్సు వాళ్లూ ఉన్నారు. ఏ దేవుని సేవకుడైనా తనను తాను "క్రిస్టియన్ కౌన్సెలర్" అని పిలుచుకుంటే అదే ప్రశ్న అతన్నీ అడగాలి. సెమినరీలో పాస్టోరల్ కౌన్సెలింగ్ ఒక పేపరుగా నేనూ చదివాను. అది ఒక పిల్ల బాధ వినడానికి కొంత పనికొచ్చింది. డిప్రెషన్‌కు చికిత్స చేయడానికి అది చాలదు.

థెరపీ అంటే గంటసేపు సలహాలు ఇవ్వడం కాదు. మొదట తల్లిదండ్రులతో మాట్లాడతారు, తర్వాత పిల్లతో ఒంటరిగా. ఆ ఒంటరి మాటలు తల్లిదండ్రులకు మొత్తం చెప్పరు. చాలామంది తండ్రులు అక్కడే లేచిపోతారు. "డబ్బు కట్టేది నేను, నా పిల్ల ఏం చెప్పిందో నాకు చెప్పరా?" చెప్పరు, చెప్పకూడదు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే చెబుతారు. లైంగిక వేధింపు బయటపడితే 2012 పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయాలి. ఆ బాధ్యత పాస్టరుకూ ఉంది, మినహాయింపు లేదు. ఈ రెండూ పోగా మిగతాది పిల్లకూ చికిత్స చేసేవారికీ మధ్యే ఉంటుంది. ఆ గోడ లేకపోతే పిల్ల నోరు విప్పదు, నోరు విప్పకపోతే చికిత్సే లేదు. తర్వాత పని నెమ్మదిగా సాగుతుంది. "నేను ఎందుకూ పనికిరాను" అన్న ఆలోచన ఎక్కడ, ఎప్పుడు మొదలవుతుందో పిల్లే పట్టుకునేలా నేర్పుతారు, మానేసిన పనుల్లో ఒక్కటి తిరిగి మొదలుపెట్టిస్తారు, ఇంట్లో మాట్లాడే తీరు మార్చమని మనకు చెబుతారు. కొన్ని వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. ఒక్క సిట్టింగుకు వెళ్లి "ఏం మారలేదు" అని మానేసే కుటుంబాలను నేను చాలా చూశాను. టైఫాయిడ్‌కు ఒక్క మాత్ర వేసి ఆపం కదా.

డబ్బు సంగతి నిజమైన అడ్డంకే. ప్రైవేటులో ఒక్కో సిట్టింగుకు వెయ్యి, రెండు వేలు అడిగారని మా విశ్వాసులు చెబుతారు. ఆటో నడిపే తండ్రికి అది రెండు మూడు రోజుల కష్టం. ఉస్మానియా, గాంధీ వంటి బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఇక్కడొక మాట చెప్పాలి. "నిన్ను ఎర్రగడ్డలో వేయాలి" అనేది మన ఊళ్లో తిట్టు. నేనే చిన్నప్పుడు స్నేహితుణ్ణి అన్నాను, ప్రసంగంలో హాస్యానికి వాడిన బోధకుల్నీ విన్నాను. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక, ఎల్బీనగర్ స్టేషన్‌ను మొదటిదిగా లెక్కపెడితే అదే లైనులో ఇరవయ్యో స్టేషన్ ఎర్రగడ్డ. రైలు మారనక్కరలేదు. ఆ ఇరవై స్టేషన్ల దూరాన్ని దాటనివ్వనిది ఆ ఒక్క తిట్టే. ఒక తల్లి తన కొడుకును అక్కడికి తీసుకెళ్తూ ముందు స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లేదట, తెలిసినవాళ్లు చూస్తారని.

ఇంకో భయం పోలీసు కేసు. పిల్ల ప్రాణం తీసుకోబోతే ఆసుపత్రిలో చెప్పకుండా దాచే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ అలాంటివారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, శిక్షించకూడదని, ప్రభుత్వం వారికి వైద్యం, పునరావాసం కల్పించాలని చెబుతోంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేనే లేదు. కాబట్టి డాక్టరుకు నిజం చెప్పండి.

మళ్లీ సుప్రీంకోర్టు మార్గదర్శకాల దగ్గరికి వస్తాను. కాలేజీలో కౌన్సెలర్‌ను పెట్టమంటే పెడతారు. ఎలా పెడతారన్నదే నా సందేహం. ఇంగ్లీషు లెక్చరర్‌కో, వార్డెన్‌కో ఆ పేరు అదనంగా తగిలించి రిజిస్టరులో రాయడం చాలా సులువు. దానివల్ల ఉపయోగం ఉంటుందా? దీనికి మన దేశంలోనే జరిగిన ఒక పరిశోధన జవాబు చెబుతోంది. బీహార్‌లోని నలంద జిల్లా సెకండరీ స్కూళ్లలో సంగత్ సంస్థ, డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం 'సెహెర్' అనే కార్యక్రమం నడిపారు. కొన్ని స్కూళ్లలో అదే పనికోసం ఒక మామూలు కౌన్సెలర్‌ను పెట్టారు, పెద్ద డిగ్రీలేమీ లేని మనిషి, శిక్షణ మాత్రం ఇచ్చారు. మరికొన్ని స్కూళ్లలో అదే పనిని అక్కడి టీచరుకు అప్పగించారు. ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. విడిగా మనిషిని పెట్టిన స్కూళ్లలో వాతావరణం మెరుగుపడింది, ఏడిపించడాలు, కొట్లాటలు తగ్గాయి, పిల్లల్లో డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి. టీచరుకు అప్పగించిన స్కూళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

టీచర్లు చెడ్డవాళ్లని దీని అర్థం కాదు. ఒక్క లెక్చరర్ మంచి మాట వల్ల బతికి బట్టకట్టిన పిల్లలు నాకు తెలుసు. కాని టీచరుకు సిలబస్ ఉంది, సమయం లేదు. అంతకన్నా పెద్ద చిక్కు, రేపు పేపరు దిద్దేది ఆయనే. తన మార్కులు వేసే మనిషికి తన భయం చెప్పుకోమంటే ఏ పిల్ల చెబుతుంది? బీహార్ అనుభవంలో నాకు కనబడిన పాఠం ఇది. గొప్ప చదువు లేకపోయినా, పిల్ల మార్కుల వల్ల లాభనష్టాలు లేని మనిషి అయితే చాలావరకు పని జరుగుతుంది. ఎంత చదువుకున్నా, యాజమాన్యానికి ఎవరు ఏం చెప్పారో రిపోర్టు ఇవ్వవలసిన కౌన్సెలర్ అయితే పిల్లలు వారంలో పసిగడతారు. తీర్పు అమలును పర్యవేక్షించే కమిటీలు కౌన్సెలర్ ఉన్నారా అని అడిగి సంతకం పెట్టించుకుంటే సరిపోదు. ఆయన క్లాసులు కూడా చెబుతున్నారా, ఎవరికి జవాబుదారీ, పిల్ల చెప్పింది ఎక్కడ రాసిపెడుతున్నారు, ఇవి అడగాలి.

ఇంతవరకు కాలేజీల గురించి రాశాను. ఇప్పుడు మన గురించి.

కొన్నేళ్ల క్రితం ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి, "అయ్యగారూ, నాకు బతకాలనిపించడం లేదు, నాన్నకి చెప్పకండి" అంది. నేను ప్రార్థన చేశాను. కన్నీళ్లతో చేశాను, అందులో అబద్ధం లేదు. చెప్పవలసిన ప్రమాదమే కాబట్టి తల్లిదండ్రులకు చెప్పడం తప్పు కాదు. కాని ఆ అమ్మాయితో ముందు మాట్లాడి, "మీ అమ్మకు చెప్పాలి, ఎలా చెబుదాం? నేను పక్కన ఉంటాను" అనవలసింది. అలా చేయలేదు. తండ్రికి ఫోన్ చేశాను. ఆ బుధవారం గృహకూడికలో "ఒక యౌవనస్థురాలి మనసు కోసం" అని ప్రార్థనా మనవి పెట్టాను. పేరు చెప్పలేదు. చెప్పనక్కరలేకపోయింది. ఆదివారానికల్లా సంఘమంతటికీ తెలిసింది. ఒక పెద్దావిడ ఆమె తల మీద నూనె పోసి దురాత్మను గద్దించింది. ఆ అమ్మాయి ఆ తర్వాత మా సంఘానికి రాలేదు. వేరే ఊళ్లో చికిత్స తీసుకుని, కోలుకుని, చదువు పూర్తిచేసిందని తర్వాత తెలిసింది. ఆమె బాగుపడటంలో నా పాత్ర ఏమీ లేదు, ఆమెను ఒంటరిని చేయడంలో మాత్రం ఉంది. ఆ సంగతి నేను ఏ పుల్పిట్ మీదా ఇప్పటిదాకా చెప్పలేదు.

అప్పటినుంచి యాయీరు కుమార్తె కథ నాకు వేరుగా వినబడుతోంది. ఆ అమ్మాయి వయసు పన్నెండేళ్లని మార్కు, లూకా ఇద్దరూ పనిగట్టుకుని రాశారు. ఇంటినిండా ఏడ్చేవాళ్లు, గోలచేసేవాళ్లు. యేసు మొదట చేసిన పని వాళ్లందర్నీ బయటికి పంపడం. లోపలికి తల్లిని, తండ్రిని, ముగ్గురు శిష్యుల్ని మాత్రం రానిచ్చాడు. పిల్ల లేచాక ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని గట్టిగా ఆజ్ఞాపించాడు, ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. అద్భుతం గురించి మనం ఎన్ని ప్రసంగాలైనా చేశాం. గది ఖాళీ చేయించడం గురించి, నోరు మూసుకోమనడం గురించి, అన్నం గురించి నేను ఒక్క ప్రసంగమూ చేయలేదు, వినలేదు. మన దగ్గర అంతా తిరగబడి ఉంది. జనాన్ని పిలుస్తాం, సాక్ష్యం చెప్పిస్తాం, వీలైతే యూట్యూబ్‌లో పెడతాం. డిప్రెషన్ నుంచి బయటపడ్డ పదహారేళ్ల పిల్లను మైకు ముందు నిలబెట్టడం ఎవరి మహిమ కోసమో మనల్ని మనం అడగాలి.

ప్రార్థన వద్దని నేను అనడం లేదు. అనేవాణ్ణయితే ఈ కుర్చీలో ఉండను. షుగరు మాత్ర వేసుకుని ప్రార్థించే విశ్వాసిని అవిశ్వాసి అనం. మనసుకు మాత్ర వేసుకునే పిల్లను మాత్రం అంటున్నాం. "ఉపవాసముండు, మందులు ఆపేయి" అని చెప్పే సేవకులు మన మధ్య ఉన్నారు. డాక్టరుకు చెప్పకుండా హఠాత్తుగా మందు ఆపిస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అలాంటి సలహా ఇచ్చిన సేవకుణ్ణి తోటి సేవకులే పిలిచి నిలదీయాలి.

మా సంఘంలో ఈ మధ్య కొన్ని మార్పులు చేసుకున్నాం, గొప్పలు కావు. పిల్లల విషయంలో ప్రార్థనా మనవులు బహిరంగంగా చదవడం ఆపేశాం. చీటీలో రాసి పెట్టెలో వేస్తారు, ఇద్దరం మాత్రమే చదువుతాం. పిల్లలతో మాట్లాడటానికి కిటికీ అద్దమున్న ఒక గది, రెండు కుర్చీలు. బయటినుంచి కనబడుతుంది, వినబడదు. అందులో కూర్చునేది నేను కాదు. పెద్దాసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన ఒక సహోదరి. మార్కులు అడగకూడదు, వాక్యం అడగకపోతే చెప్పకూడదు అన్నవి ఆమే పెట్టుకున్న రెండు నియమాలు. రెండోదానికి మా పెద్దలు కొందరు నొచ్చుకున్నారు. ఆసుపత్రికి తోడు వెళ్లడానికి, మెట్రో చార్జీలకు, మొదటి నాలుగు సిట్టింగుల ఖర్చుకు కొంత కానుక పక్కన పెట్టాం. వేసవి వీబీఎస్‌కు అయ్యే ఖర్చులో అది పావు వంతు కూడా కాదు.

తల్లిదండ్రులారా, ఈ ఆదివారం హాస్టల్‌కు వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్‌ను కౌన్సెలర్ పేరేమిటో అడగండి. ఆయన, ఆమె ఇంకే సబ్జెక్టు చెబుతారో అడగండి. మీ పిల్ల ఎప్పుడైనా ఆ మనిషితో ఒంటరిగా కూర్చుందేమో పిల్లనే అడగండి. వీక్లీ టెస్టు సంగతి తిరుగు బస్సు ఎక్కాక ఫోన్లో అడిగినా కొంపలు మునగవు.

ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లలు ప్రమాదంలో ఉంటే 1098. ఈ నంబర్లను మేము మొదట ప్రధాన ద్వారం పక్కన నోటీసు బోర్డులో పెట్టాం. మూడు నెలలు ఎవరూ ఆ ముందు ఆగలేదు. ఆగితే అందరూ చూస్తారు కదా. ఆ నర్సు సహోదరి దాన్ని అక్కణ్ణుంచి తీసి, వెనక చేతులు కడుక్కునే చోట, అద్దం పక్కన అతికించింది. కింద నంబరు రాసిన చిన్న చీటీలు కత్తిరించి వేలాడదీసింది. రెండు ఆదివారాల్లో ఐదు చీటీలు చింపుకుపోయారు. ఎవరు తీసుకున్నారో మేము అడగలేదు.